హెడ్‌లైట్లు స్టిక్కర్లే, ఛాంపియనూ స్టిక్కరేనా?

2026 జనవరిలో, అమెరికాలో స్టాక్ కార్ల రేసులు నడిపే నాస్కార్ పెద్దలు మైకుల ముందుకొచ్చి, పన్నెండేళ్ళుగా ఛాంపియన్‌ని తేలుస్తున్న పద్ధతిని తీసేస్తున్నాం అని సెలవిచ్చారు. ముఖాల్లో ఎక్కడైనా కాస్త సిగ్గు కనిపిస్తుందేమోనని వీడియో రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. లేదు. కొత్త బిర్యానీ సెంటర్ రిబ్బన్ కత్తిరించడానికి వచ్చినట్టున్నారు.

నేనుండేది నార్త్ కరొలైనాలో, కాంకార్డ్‌లో. షార్లెట్ స్పీడ్‌వే మా ఊళ్ళోనే ఉంది. చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడుమంది, అందులో చాలామందికి ఆ ట్రాక్ అంటే ఆదివారం ట్రాఫిక్ జామ్ అని మాత్రమే తెలుసు. నా ఖర్మకి నాకు ఇంకొంచెం ఎక్కువ తెలిసింది. మే నెలాఖరున జరిగే 600 మైళ్ళ రేసు రోజున కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క తప్పి పప్పు మాడబెట్టుకునేంత తెలిసింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. స్టాక్ కారు అంటే షోరూములో దొరికే కారు. ఒకప్పుడు నిజంగా అంతే. ఇప్పుడు దానికి తెరుచుకునే తలుపుండదు, డ్రైవరు కిటికీలోంచి లోపలికి దూరాలి, ముందు మిలమిలా మెరిసే హెడ్‌లైట్లు స్టిక్కర్లు. కారు మీద స్టిక్కరు అతికించారంటే సరే, బల్బు బరువు తగ్గింది అనుకోవచ్చు. ఛాంపియన్ మీద కూడా అతికిస్తేనే ఇబ్బంది.

2014 నుంచి 2025 దాకా నడిచిన పద్ధతి ఏంటంటే, ఏడాదికి 36 రేసులు, మొదటి 26 అయ్యాక పదహారు మందిని ఉంచుతారు, ఆ తర్వాత మూడు రేసులకోసారి నలుగురిని ఇంటికి పంపుతారు, మిగిలిన నలుగురిలో ఆఖరి ఆదివారం ఎవడు ముందుంటే వాడే విజేత. ఫిబ్రవరి నుంచి నువ్వేం పీకావన్నది ఆ రోజు ఎవడికీ అక్కర్లేదు. మన ఎంసెట్‌లో కూడా ఒకప్పుడు ఇంటర్ మార్కులకి పాతిక శాతం వెయిటేజీ ఉండేది కదండీ.

2025 నవంబరు 2న ఫీనిక్స్‌లో జరిగింది తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉండే మా బాబాయ్‌కి ఫోన్లో చెప్పబోవడం నా జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. ఆయన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు తప్ప ఇంకో క్రీడని క్రీడగా ఒప్పుకోడు.

"డెనీ హామ్లిన్ అని ఉన్నాడు బాబాయ్. ఇరవై సీజన్లుగా ఒకే జట్టు, ఒకే 11 నంబరు కారు. 60 రేసులు గెలిచాడు, టైటిల్ మాత్రం ఒక్కటీ లేదు. ఆ రోజు 208 ల్యాపులు ముందున్నాడు. ఇంక మూడు ల్యాపులే ఉన్నాయి."

"గెలిచాడుగా మరి."

"ఆగు. వెనకాల ఇంకొకడి టైరు పోయి గోడకి కొట్టుకున్నాడు. పచ్చ జెండా ఊపారు."

"పచ్చ జెండా ఊపితే పొమ్మనేగా?"

"ఆకుపచ్చ కాదు బాబాయ్, పసుపుపచ్చ."

"మన పార్టీదా?"

ఇక్కడ ఐదు నిమిషాలు పోయింది. పసుపు జెండా ఊపితే కార్లన్నీ నెమ్మదించి ఒకదాని వెనక ఒకటి రావాలని, అంతసేపూ సంపాదించుకున్న దూరమంతా ఆవిరైపోతుందని, అందరూ పిట్‌లోకి వెళ్ళి టైర్లు మార్చుకుంటారని చెప్పాను. హామ్లిన్ వాళ్ళు నాలుగు టైర్లు మార్చారు. కైల్ లార్సన్ వాళ్ళు రెండే మార్చి ముందు బయటపడ్డారు.

"సరే, రేసు ఎవరు గెలిచారు?"

"రయన్ బ్లేనీ."

"అయితే కప్పు ఆయనకా?"

"కాదు, అతను ఆఖరి నలుగురిలో లేడు. కప్పు లార్సన్‌కి. రేసులో మూడోవాడు. హామ్లిన్ ఆరు."

"ఆ లార్సన్ ఎన్ని చుట్లు ముందున్నాడు?"

"ఒక్కటీ లేదు."

"పోనీ ఈమధ్య ఎప్పుడైనా గెలిచాడా?"

"మేలో."

బాబాయ్ ఫోను మంచం మీద పెట్టేసి వెళ్ళి మజ్జిగ తాగి వచ్చాడు. "ఒరేయ్ అబ్బాయ్, మా దగ్గర ఇచ్చిన టైములో గిత్తలు బండని ఎన్ని అడుగులు లాగితే అంతే లెక్క. ఇంకో నిమిషం ఉందనగా కమిటీవాడు వచ్చి, పక్క జత కాడి విరిగింది కాబట్టి అందరి బండలూ మళ్ళీ గీత దగ్గర పెట్టండి అన్నాడనుకో, ఆ కమిటీవాడిని బండకి కట్టి లాగిస్తారు."

లార్సన్‌ది తప్పు లేదు. అతను మహా డ్రైవరు, అంతకుముందు 2021లో తిరుగులేకుండా గెలిచాడు. చేతికొచ్చిన కప్పు ఎవడు వద్దంటాడు?

ఇక జట్లు మారే సంబరం. దీనికి వాళ్ళే పెట్టుకున్న పేరు సిల్లీ సీజన్, నేను పెట్టింది కాదు. మన దగ్గర ఎన్నికల ముందు కండువాలు మారే వారం రోజుల్ని ఆర్నెల్లకి సాగదీస్తే అదే. నిన్నటిదాకా ఫోర్డే నా ప్రాణం అన్నవాడు ఇవాళ టయోటా టోపీ పెట్టుకుని ఇది నా చిన్ననాటి కల అంటాడు. మనవాళ్ళకైతే నియోజకవర్గ అభివృద్ధి ఉంది, వీళ్ళకి స్పాన్సర్లున్నారు. డ్రైవరు ఎప్పుడూ నా కారు అనడు, గమనించండి. గోడకి గుద్ది తుక్కయిన కారు పక్కన నిలబడి కూడా, ఫలానా చిప్స్ ఫలానా ఇన్సూరెన్స్ షెవర్లే కమారో ఇవాళ అద్భుతంగా పరిగెత్తిందండీ అంటాడు.

వీటన్నిట్లో నాకు ఇష్టమైన చేరిక కైల్ బుష్‌ది. 2011లో కాన్సస్‌లో ట్రక్కుల రేసు అయిపోయాక, మా కుర్రాడి బండిని గుద్దుతావా అని రిచర్డ్ చిల్డ్రెస్ అనే పెద్దాయన, అప్పటికి అరవై ఐదేళ్ళ జట్టు యజమాని, వాచీ తీసి పక్కవాడికిచ్చి మరీ బుష్‌ని కొట్టాడని చెప్పుకుంటారు. లక్షన్నర డాలర్ల జరిమానా కట్టాడు. పదకొండేళ్ళు గడిచాయి, బుష్ వెనకున్న పెద్ద స్పాన్సర్ తప్పుకున్నాడు, రెండు టైటిళ్ళు తెచ్చిపెట్టిన పాత జట్టులో లెక్క కుదరలేదు. 2022 సెప్టెంబరులో చేరింది ఎక్కడనుకున్నారు? చిల్డ్రెస్ జట్టులోనే. ఆ ప్రకటన రోజు పెద్దాయన కొత్త డ్రైవరుకి ఇచ్చిన కానుక ఏంటంటే, వాచీ. మన నాయకులు అసెంబ్లీలో తిట్టుకున్న తిట్లు మర్చిపోయి కౌగిలించుకుంటారు గానీ, పాత చెప్పుని ప్యాక్ చేసి పుట్టినరోజు బహుమతిగా ఇచ్చే స్థాయికి ఇంకా ఎదగలేదు.

హారిసన్ బర్టన్ కథ ఇంకోటి. 2024 జూలైలో వుడ్ బ్రదర్స్ జట్టు, వచ్చే ఏడాది నీ సీటు జాష్ బెర్రీకి ఇస్తున్నాం బాబూ అని చెప్పేసింది. ఆగస్టులో ఆ కుర్రాడు డేటోనాలో గెలిచాడు. అతనికి మొదటి గెలుపు, 1950 నుంచి నడుస్తున్న ఆ జట్టుకి వందోది. నాన్న జెఫ్ బర్టన్ అదే రేసుకి టీవీలో కామెంటరీ చెప్తున్నాడు. గెలిస్తే చాలు లోపలికి అన్నది రూలు కాబట్టి, పాయింట్లలో 34వ స్థానంలో ఉన్నవాడు, ఉద్యోగం పోయిన నోటీసు జేబులో ఉన్నవాడు, టైటిల్ పోటీదారుడైపోయాడు. మొదటి రౌండులోనే బయటికొచ్చాడు, సీటూ పోయింది.

ఆ బెర్రీకైనా సీటు ఎందుకు కావాల్సొచ్చిందంటే, అతను నడిపే స్టూవర్ట్-హాస్ జట్టు ఆ ఏడాది చివర మూతపడింది. మాకు పక్కనే, కన్నాపొలిస్‌లో వాళ్ళ షాపు. నాలుగు కార్లు, నలుగురు డ్రైవర్లు. ఎవరు ఎటు వెళ్తారో నెలల తరబడి చెవులు వాచేలా విన్నాం. ఆ కార్లకి వెల్డింగ్ చేసినవాళ్ళు, గేర్‌బాక్సులు విప్పి కడిగినవాళ్ళు, లారీలు తోలినవాళ్ళు ఎటు వెళ్ళారో ఒక్కడూ చెప్పలేదు. వాళ్ళకి టోపీ మార్చే సభ ఉండదు కదా, ఇంటి లోను వాయిదా మాత్రం నెలనెలా ఉంటుంది.

మళ్ళీ టైటిల్ దగ్గరికి వద్దాం. 2024లో జోయీ లొగానో షార్లెట్‌లో పోటీ నుంచి అవుటయ్యాడు. రేసు అయ్యాక తూకం వేస్తే అలెక్స్ బౌమన్ కారు ఉండాల్సిన బరువు కంటే తక్కువ తూగింది. బౌమన్‌ని తీసేసి లొగానోని వెనక్కి పిలిచారు. తర్వాతి వారం లాస్ వేగస్‌లో గెలిచాడు, ఫీనిక్స్‌లో గెలిచాడు, ఛాంపియన్. ఏడాదంతా కలిపి చూస్తే అతని సగటు స్థానం 17.1. అంతకుముందు 2020లో తొమ్మిది రేసులు గెలిచిన కెవిన్ హార్విక్‌కి ఆఖరి నలుగురిలో చోటే దొరకలేదు. 2014లో ఒక్కటీ గెలవని రయన్ న్యూమన్ ఆ నలుగురిలో ఉండటమే కాదు, రెండో స్థానంలో ముగించాడు. ఏడాదంతా కలిపిన పాయింట్లే లెక్కయిన 2003లో ఇదే న్యూమన్ ఎనిమిది గెలిచి ఆరోవాడయ్యాడు, ఒక్కటే గెలిచిన మ్యాట్ కెన్సెత్ టైటిల్ పట్టుకుపోయాడు. అలా అయితే టీవీలో పస ఉండదని 2004లో ఛేజ్ అని, ఆఖరి పది రేసుల్లో టైటిల్ తేల్చే పద్ధతి పెట్టారు. తర్వాత దాన్నీ పీకి ఈ నాకౌట్ పెట్టారు. ఇప్పుడు మళ్ళీ ఛేజ్ అట. గెలుపుకి 40 బదులు 55 పాయింట్లు, ఎవర్నీ మధ్యలో ఇంటికి పంపరు, ఆఖరి రేసు ఒక్కటే సర్వస్వం కాదు.

బాగుంది. నిజంగానే బాగుంది. మేం పన్నెండేళ్ళు మొత్తుకున్నదీ ఇదే కదా! అప్పుడు మాకు థ్రిల్ అర్థం కాదన్నారు, పాతకాలం మనుషులమన్నారు. మరి ఆ పన్నెండు సీజన్లు ఎవరు తిరిగిస్తారు? ఆ సాయంత్రం ఫీనిక్స్‌లో కారు దిగిన నలభై నాలుగేళ్ళ మనిషి ముఖం చూశారా? చూసి, రెండు నెలలు ఆగి, నవ్వుతూ మైకు పట్టుకుని, అవునండీ ఆ తక్కెడ సరైంది కాదు అంటారా? తక్కెడ దొంగదని దుకాణంవాడే ఒప్పుకున్నాక, అప్పటిదాకా తూచిన సరుకు సంగతి అడగొద్దా? ఇరవై ఏళ్ళు పనిచేసినవాడి కష్టాన్ని ఇంకొకడి పగిలిన టైరుకి తాకట్టు పెట్టి, దానికి వినోదం అని పేరు పెట్టడానికి మీకు నోరెలా వచ్చింది?

మొన్న బాబాయ్‌కి ఈ రూలు మార్పు కూడా చెప్పాను. మళ్ళీ తప్పే చేశాను.

"అంటే ఇన్నాళ్ళూ పెట్టింది సరికాదని వాళ్ళే అన్నారా?"

"అన్నట్టే బాబాయ్."

"మరి ఆ పదకొండు నంబరాయనకి ఇచ్చేస్తారా?"

"లేదు. ఇకమీద జరిగేవాటికే."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల గిత్త మెడలో గంటలు వినిపిస్తున్నాయి.

"కొలత తప్పిందంటే మా ఊళ్ళో టేపు తీసి మళ్ళీ కొలుస్తార్రా" అని పెట్టేశాడు.