ఆవిరికి క్రమశిక్షణ నేర్పాలి

కొత్త ఫ్యాక్టరీ కట్టేటప్పుడు ఏది ముందో ఏది వెనకో అందరికీ తెలిసిందే. ముందు ముఖద్వారం, తర్వాత అద్దాల గోడ, ఆపైన శిలాఫలకం. స్లాబులు పోసి, ఫాల్స్ సీలింగ్‌కు కొలతలు తీస్తుండగా ఎవరికో గుర్తొస్తుంది, బాయిలర్ నుంచి యంత్రాల దాకా స్టీమ్ వెళ్ళాలని. అప్పుడు పైపుల ఇంజనీరుకు కబురు వెళ్తుంది.

ఆయన వచ్చీ రాగానే గొంతెమ్మ కోరికలు మొదలుపెడతాడు. స్టీమ్ పోయే వైపుకు లైను నూటికి ఒకటి చొప్పున వాలాలట. అంటే 100 మీటర్లకు ఒక మీటరు దిగాలి. సీలింగ్ పైన మనం దయతలచి ఇచ్చిందే అర మీటరు, అందులోనూ ఏసీ డక్టు, కేబుల్ ట్రేలు ముందే కాపురం పెట్టాయి. పోనీ, మధ్యమధ్య లైనును పైకి లేపి మళ్ళీ వాలు ఇస్తానంటాడు. లేపిన ప్రతి చోటా నీళ్ళు తీసేందుకు డ్రెయిన్ పాకెట్టు, ఆవిరిని ఆపి నీటిని మాత్రం బయటికి వదిలే స్టీమ్ ట్రాప్ పెట్టాలట.

ఎందుకయ్యా ఇదంతా అంటే, దారిలో వేడి కోల్పోయిన ఆవిరి నీళ్ళై పైపు అడుగున చేరుతుందట. సెకనుకు పాతిక, ముప్ఫై మీటర్ల వేగంతో వచ్చే స్టీమ్ ఆ నీటిని ముద్దగా ఎత్తి వంపులో కొడితే వాల్వులు పగులుతాయట, మనుషులు కూడా పోతారట. మన డ్రాయింగులో మాత్రం స్టీమ్ లైను ఎర్రటి తిన్నని గీత. ఎక్కడా నీటి చుక్క కనబడదు.

పైగా పైపు పెరుగుతుందట! 30 డిగ్రీల దగ్గర బిగించిన 100 మీటర్ల స్టీలు లైనులోకి 10 బార్ ఒత్తిడితో స్టీమ్ వదిలితే అది 180 డిగ్రీలు దాటుతుంది, పొడవు దాదాపు 18 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఇముడ్చుకోడానికి లూపులు, అంటే పైపులో వంపులు కావాలట. ఆ 18 సెంటీమీటర్లకు ఎవరి అనుమతి ఉంది? రెండు కొసలూ గట్టిగా బిగించెయ్యమన్నాం. కాంక్రీటుతో సహా ఊడొస్తుందన్నాడు. బెదిరింపులకు లొంగే కమిటీ కాదు మాది.

లావు పైపును సన్న పైపుతో కలిపే రెడ్యూసర్ దగ్గర మరీ చాదస్తం. రెండు వైపులా సమంగా సన్నబడేది పనికిరాదట, అడుగున మెట్టులా ఏర్పడి నీళ్ళు ఆగుతాయట. అడుగు చదునుగా, పైభాగం మాత్రమే దిగేది కావాలట. లైనులో చెత్తను పట్టే వై టైపు స్ట్రెయినర్ సంగతి ఇంకా వింత. నీళ్ళ లైనులో జల్లెడ కిందికి వేలాడొచ్చు, స్టీమ్ లైనులో మాత్రం పక్కకు తిప్పి పెట్టాలట. ఒకే వస్తువుకు రెండు నీతులు!

కొనుగోలు శాఖ చక్కని పొదుపు సూచించింది: 4 అంగుళాల పైపు బదులు 2 అంగుళాలది. అంతే స్టీమ్ పంపితే ఒత్తిడి నష్టం సుమారు 32 రెట్లవుతుందని ఇంజనీరు గోల. ఖర్చు తగ్గింది కదా, ఏదో ఒకటి పెరగదా మరి?

కండెన్సేట్‌ను, అంటే ఆవిరి చల్లబడి మారిన నీటిని, బాయిలర్‌కు తిరిగి పంపే లైను కొట్టేశాం. శుద్ధి చేసి, ఇంధనం తగలేసి కాచిన నీరు డ్రెయిన్లోకి పోతుంది నిజమే, కానీ పొగలు కక్కుతూ పోతుంది. వచ్చిపోయేవాళ్ళకు లోపల పని జోరుగా సాగుతోందని తెలియాలి కదా.

ట్రాప్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి మనిషికి అందేలా ఉండాలన్న కోరిక మాత్రం న్యాయమైనదే. అందుకని బోర్డు రూము సీలింగ్‌లో ఒక మూత పెట్టించాం. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని, నిచ్చెన సొంతంగా తెచ్చుకుని, మీటింగులు లేని రోజు వచ్చి చూసుకోవచ్చు.