మాటల లెక్కకు అందేది, అందనిది

బడ్జెట్ రోజు సాయంత్రమో, ఆగస్టు 15 మధ్యాహ్నమో న్యూస్ సైట్లలో ఒక లెక్క కనిపిస్తుంది. ప్రసంగం ఎన్ని నిమిషాలు, ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది అని. 1991 నాటి మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగం 18 వేలకు పైగా పదాలతో పెద్దదని, 2020లో నిర్మలా సీతారామన్ రెండు గంటల 40 నిమిషాలు చదివి రికార్డు పెట్టారని ఏటా చదువుతూనే ఉంటాం. సరదాగానే ఉంటుంది. మన్మోహన్ ఆ రోజు సభను ఎలా ఒప్పించారన్నది మాత్రం ఆ అంకెల్లో దొరకదు.

కంప్యూటర్‌తో రాజకీయ భాషను పరిశీలించడమంటే ఇంతేనని అనుకోవద్దు. 1787-88లో అమెరికా కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ ‘పబ్లియస్’ అనే మారుపేరుతో 85 వ్యాసాలు వచ్చాయి. రాసింది ఆనాటి అమెరికా నాయకులు హామిల్టన్, మాడిసన్, జాన్ జే. వాటిలో 12 వ్యాసాలు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్న తగాదా చాలాకాలం తెగలేదు. వాక్యాల పొడవు చూసి తేలుద్దామంటే ఇద్దరిదీ దాదాపు సమానం. ఫ్రెడరిక్ మోస్టెల్లర్, డేవిడ్ వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు యుద్ధం లాంటి బరువైన మాటలను పక్కనపెట్టి, ఎవరి కంటా పడని చిన్న మాటలను పట్టుకున్నారు. హామిల్టన్ ‘అపాన్’ (upon, ‘మీద’) అని తరచూ రాస్తాడు, మాడిసన్ ఎప్పుడో గానీ రాయడు. ‘అప్పుడు, ఆ సమయంలో’ అనడానికి హామిల్టన్ ‘వైల్’ (while) అనేచోట మాడిసన్ ‘వైల్స్ట్’ (whilst) అంటాడు. ఇలాంటివన్నీ పోగేసి లెక్కగడితే ఆ 12 వ్యాసాలూ మాడిసన్ వైపే మొగ్గాయి. 1964లో వాళ్లు దీన్ని పుస్తకంగా అచ్చువేశారు.

ఇక్కడ యంత్రం పట్టుకున్నది రాసేవాడికే తెలియని అలవాటును. నాయకుడు తెలిసి, ఎంచుకుని, జనం మీదికి విసిరిన మాట దగ్గర యంత్రం బలం తగ్గుతుంది. 2025 బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ గురజాడ ‘దేశమంటే మట్టికాదోయ్’ పంక్తిని చదివారు. ఒక్కసారే వచ్చింది కాబట్టి ఏ పట్టికలోనూ పైకి రాదు. తెలుగు శ్రోతకు ఆ ప్రసంగంలో గుర్తుండేది బహుశా అదే.

‘ఆత్మగౌరవం’ సంగతి ఇంకా చిక్కు. 1978 ఎన్నికల తర్వాత ఐదేళ్లలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. ఆ కోపాన్ని ఎన్టీఆర్ ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్న నినాదంగా మలిచి, 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో గెలిచారు. 2001 తర్వాత తెలంగాణ ఉద్యమ సభల్లోనూ ఆత్మగౌరవమే మోగింది. ఈసారి ఎదుట ఉన్నది ‘ఆంధ్రా పాలకులు’. తెలుగువాళ్లంతా ఒకటే అనడానికి వాడిన మాటే, మేం వేరు అనడానికీ పనికొచ్చింది. ఉత్త లెక్కకు ఈ రెండూ ఒకటే. చుట్టుపక్కల ఏ మాటలు వస్తున్నాయో చూసే పద్ధతులు కొంత నయం. ఒకచోట ఢిల్లీ, ఇంకోచోట నీళ్లు, నిధులు, నియామకాలు తగులుతాయి. ఆ పైన, ఆ మాటలు విన్నవాళ్లు ఎందుకు లేచి నిలబడ్డారో చెప్పడానికి చరిత్ర తెలిసిన మనిషే కావాలి.

టెక్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాడరిక్ హార్ట్ తయారుచేసిన ‘డిక్షన్’ అనే సాఫ్ట్‌వేర్ ముందే కూర్చిన పదాల జాబితాలతో ప్రసంగంలో నిశ్చయం, ఆశాభావం లాంటి ఐదు గుణాలను కొలుస్తుంది. ఇంగ్లిష్ ప్రసంగాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి మంచి సాధనం. దాన్నే తెలుగులోకి దించేస్తే సరిపోదు. ఆత్మగౌరవాన్ని, ఆత్మగౌరవానికి, ఆత్మగౌరవమే అన్న రూపాలు మూడూ ఒకే మాటవని ముందు యంత్రానికి నేర్పాలి. వెటకారం సరేసరి. మన సభల్లో ‘మహానుభావుడు’ అన్నారంటే సగం సార్లు తిట్టే.

అన్నిటికన్నా పెద్ద లోటు సరుకుది, అంటే యంత్రం చదవగల తెలుగు ప్రసంగాలది. ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, అర్థంకాని గుర్తుల కుప్ప వస్తుంది. ఈనాటి సభలు యూట్యూబ్‌లో ఉన్నాయి. చైతన్యరథం ఎక్కి ఎన్టీఆర్ ఊరూరా మాట్లాడినవి అక్షరాల్లో ఎన్ని మిగిలి ఉంటాయి? మన విశ్వవిద్యాలయాల తెలుగు, జర్నలిజం శాఖలు సాఫ్ట్‌వేర్ గురించి సదస్సులు పెట్టేముందు పాత శాసనసభ చర్చల సంపుటాలను ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లో టైపు చేయించాలి. పాత ప్రసంగాల క్యాసెట్ల వేట ఆ తర్వాత.