మా ఆయిల్ కూలర్ గారికి విన్నపం

బంపర్ జాలీ వెనక, ఏసీ కండెన్సర్‌కి అడ్డంగా, 13 వరుసల నల్లటి అల్యూమినియం దేహంతో, ఇంజన్ ఆయిల్‌ని గాలికి చల్లార్చడానికి కొలువైన శ్రీ ఆయిల్ కూలర్ గారికి, కారు ఓనరు నమస్కరించి రాయునది. తమరు క్షేమమేనని తెలుసు. మిగతా కారు సంగతి చెప్పుకుందామని.

పోయిన రోహిణి కార్తెలో మా బామ్మర్ది బానెట్ మీద చెయ్యి వేసి, "బావా, నీ ఇంజన్ ఉడికిపోతోంది" అన్నాడు. మూడు గంటలు ఎండలో నిలబెట్టిన కారు మీద ఎవరు చెయ్యి వేసినా అదే అంటారు. ఆ పూట నాకది తట్టలేదు. ఆయిల్ వేడి చూపించే మీటరు కారులో లేదు. జ్వరం చూడకుండానే మందు కొన్నాను.

ఆటోనగర్ మేస్త్రి ఆయిల్ ఫిల్టర్ విప్పి, మధ్యలో ఆయిల్‌ని తమ వైపు మళ్లించే శాండ్‌విచ్ ప్లేటు దూర్చి, రెండు అల్లిక గొట్టాలు తగిలించాడు. ఆయిల్ 80 డిగ్రీలు దాటాకే తమ దగ్గరికి పంపే థర్మోస్టాట్ ప్లేటు కూడా ఉంటుంది. రేటెక్కువ. "మన బెజవాడకి అదెందుకు సార్!" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. సరిపడే బ్రాకెట్ దొరక్క తమరిని నాలుగు ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాడు, గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు.

తమ వంశం గొప్పదే, కాదనను. నీళ్ల రేడియేటరే లేని పోర్షె 911ని 1998 దాకా కాపాడింది మీవాళ్లే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద రౌండు మీద రౌండు కొట్టేవాళ్లకి, ఆయిల్ మరీ కాగి పల్చబడి ప్రెషర్ పడిపోతుంటే, తమరే దిక్కు. మరి నా కారు రోజూ కొట్టే రౌండు పటమట నుంచి బెంజ్ సర్కిల్ దాకా. సిగ్నల్ దగ్గర ఆగితే ఫ్యాను లాక్కునే కాస్త గాలికీ తమరే అడ్డం, ఇక ఏసీ చల్లగా రాదు. వెనక సీట్లో మా అత్తగారు పేపరు మడిచి విసురుకుంటుంటే అద్దంలోకి చూడలేకపోతున్నాను.

ధనుర్మాసంలో ఇంకో ఘనకార్యం. మా ఆవిడ తెల్లారుజామున వాకిట్లో 21 చుక్కల ముగ్గు వేసింది. కారు ముక్కు మాత్రమే దాని మీదికి వచ్చింది. ఏడింటికి చూస్తే మధ్యలో 22వ చుక్క. నల్లగా. మేస్త్రికి ఫోన్ చేస్తే, "కొత్తది కదా సార్, కాస్త చెమట పడుతుంది" అన్నాడు. తీరా చూస్తే, గొట్టం బిగించేటప్పుడు రెండో పానాతో తమ మెడ పట్టుకోవాలన్న సంగతి ఆయన మర్చిపోయాడు. గొట్టంతో పాటు మెడా తిరిగింది.

అప్పుడు కొన్నాను మీటరు. గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా వెళ్లొచ్చినా 72 దాటలేదు! ఆయిల్ 100 దరిదాపుల్లోకి వెళ్తేగాని అందులో చేరిన తేమ పోదట. ఇంజన్‌లో ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడ కట్టినట్టు తెల్లటి నురగ. ఇంకో మాట, తమరు నొచ్చుకోనంటే. ఫిల్టర్ పక్కనే పిడికిలంత కూలర్ ఒకటి కంపెనీవాళ్లు ముందే పెట్టారు. రేడియేటర్ నీళ్లతోనే పని కానిస్తుంది, పొద్దున్నే ఆయిల్‌ని వెచ్చబరుస్తుంది కూడా. నోరెత్తని మనిషి, అందుకే ఇన్నాళ్లూ మాకెవరికీ కనబడలేదు. తమరైతే జాలీలోంచి వీధి వీధంతటికీ కనబడతారు. అబద్ధమెందుకు, నేను డబ్బులిచ్చింది దానికే.

తమరిని పీకించాలంటే మేస్త్రి మళ్లీ కూలి అడుగుతున్నాడు. ఈలోగా నిన్న నూజివీడు రసాల పెట్టె అట్ట కోసి, తమ మొహానికి అడ్డం పెట్టాను. బయట 43 డిగ్రీల ఎండ. ఆయిల్ వేడెక్కడం లేదని అట్ట పెడుతున్న నన్ను చూసి పక్కింటాయన ఏమీ అడగలేదు, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మీటరు 90 చూపించింది. మిగిలిన అట్టముక్క మా అత్తగారికి ఇచ్చాను, విసురుకోవడానికి.

ఇట్లు,
తమ కొలువులోని డ్రైవరు