మోరీ కోసం ఎవరికి ఓటెయ్యాలి?

సైన్యం అధీనంలో ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీలో విలీనం చేయడం అనగానే అందరూ భూముల లెక్కల్లో పడిపోతున్నారు. రాష్ట్రానికి ఎన్ని ఎకరాలు వస్తాయి, సైన్యం చేతిలో ఎన్ని మిగులుతాయి, ఎలివేటెడ్ కారిడార్లకు (పిల్లర్ల మీద కట్టే రోడ్లకు) ఇచ్చిన స్థలానికి బదులు ఏం పుచ్చుకుంటారు, ఖాళీ జాగాల మీద ఎవరి కన్ను పడింది అన్నవే చర్చలు. అడగాల్సిన ప్రశ్నలే, కాదనను. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారమే అక్కడ రెండు లక్షల మందికి పైగా ఉన్నారు. 2015 జనవరి తర్వాత వాళ్లకు తమ ఊరి పాలన చూసే కంటోన్మెంట్ బోర్డుకు ఓటు వేసే అవకాశమే రాలేదు. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అసలు కథ ఇదే.

జరిగింది చాలామందికి తెలుసు. అప్పట్లో గెలిచిన ఎనిమిది మంది వార్డు సభ్యుల గడువు పొడిగింపులతో కలిపి 2021 ఫిబ్రవరిలో ముగిసింది. అప్పటినుంచి నడుస్తున్న బోర్డుకు అధ్యక్షుడు ఒక బ్రిగేడియర్, పక్కన సీఈఓ, ప్రజల తరఫున అంటూ కేంద్రం నామినేట్ చేసిన ఒకే ఒక్క మనిషి. 2023 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా 57 కంటోన్మెంట్లకు నోటిఫికేషన్ ఇచ్చారు, ఏప్రిల్ 30న పోలింగ్ అన్నారు. గల్లీల్లో ఆశావహులు తిరగడం మొదలెట్టేసరికి, మార్చిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. సివిల్ ప్రాంతాలను, అంటే మామూలు జనం ఉండే చోట్లను, మున్సిపాలిటీల్లో కలిపే ఆలోచన ఉంది కాబట్టి ఎన్నికలు ఇప్పుడెందుకన్నది అప్పుడు వినిపించిన వాదన. ఎన్నిక ఆగింది, విలీనం మాత్రం ఫైళ్లలోనే తిరుగుతోంది.

తమాషా చూడండి. 2024 మే 13న ఇదే కంటోన్మెంట్ ఓటరు పోలింగ్ బూత్‌లో రెండు మీటలు నొక్కాడు. ఒకటి మల్కాజిగిరి లోక్‌సభకు, రెండోది అసెంబ్లీ ఉప ఎన్నికకు. ఢిల్లీలో ఎవరుండాలో చెప్పే హక్కుంది, అసెంబ్లీకి ఎవరు పోవాలో చెప్పే హక్కుంది. ఇంటి ముందు మోరీ పొంగితే ఎవర్ని నిలదీయాలో చెప్పే హక్కు మాత్రం లేదు. ఎమ్మెల్యేని అడగొచ్చు కదా అంటారు. చట్టం ప్రకారం బోర్డు సమావేశంలో ఎంపీ, ఎమ్మెల్యే ప్రత్యేక ఆహ్వానితులు మాత్రమే, వాళ్లకు ఓటు లేదు. ఇంకో విచిత్రం: కేంద్ర నిధులు, పథకాల విషయంలో కంటోన్మెంట్ బోర్డును మున్సిపాలిటీగానే భావించాలని 2006 నాటి చట్టం చెబుతుంది. అంటే డబ్బుల దగ్గర మున్సిపాలిటీ, ఓటు దగ్గర మిలిటరీ.

ఇది ఏ ఊళ్లోనైనా అన్యాయమే. ఇక్కడ మరీ అన్యాయం ఎందుకంటే, ఇక్కడి మనుషులు ఒక్క తీరు వాళ్లు కారు. 1806లో దండు దిగిన చోటు ఇది. దండుతో పాటు మద్రాసు వైపు నుంచి తమిళ కుటుంబాలు వచ్చాయి. కాంట్రాక్టులు పట్టిన మొదలియార్లు, వ్యాపారానికి వచ్చిన పార్సీలు, మార్వాడీలు, రైల్వేలోనూ స్కూళ్లలోనూ పనిచేసిన ఆంగ్లో ఇండియన్లు, సిక్కులు, మలయాళీలు, రిటైరయ్యాక సొంతూరికి పోకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్న ఫౌజీలు. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఇప్పటికీ ఉంది. 1983లో ఎలిజబెత్ రాణి అక్కడికి వచ్చి వెళ్లింది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళిని తెచ్చింది కూడా ఇక్కడి పటాలంలో పనిచేసిన మనిషేనని చెబుతారు. ఇలాంటి చోట ఏ వర్గమూ తన సంఖ్యతో నగరం మొత్తాన్ని కదిలించలేదు. వార్డు చిన్నదైతేనే వాళ్ల మాటకు విలువ. ఎనిమిది వార్డులంటే వార్డుకు సుమారు 27 వేల మంది. అదే లెక్కన అప్పటి 150 డివిజన్ల జీహెచ్ఎంసీలో డివిజన్‌కు దాదాపు 45 వేలు. మూడు వందల ఓట్లున్న తమిళ బస్తీని మొదటిచోట అభ్యర్థి వెతుక్కుంటూ వస్తాడు. రెండోచోట అదే బస్తీ అతన్ని వెతుక్కోవాలి.

పైగా ఇప్పుడు ఊరు మారుతున్న వేగం మామూలుగా లేదు. తోటలతో ఉన్న పాత బంగ్లాలు పోయి అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వరకు, ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు వరకు ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో శంకుస్థాపనలు అయ్యాయి. రోడ్డు వెడల్పంటే స్థలం ఉన్నవాడికి పరిహారం దొరుకుతుంది. కార్ఖానా, తిరుమలగిరి రోడ్డు మీద అద్దె మడిగెలో టైర్లు మార్చే మెకానిక్‌కు ఏం దొరుకుతుంది? అతని పేరు ఏ భూమి రిజిస్టర్‌లోనూ ఉండదు. అధికారికి నోటీసు ఎవరికివ్వాలో తెలుసు, ఆ షట్టర్ వెనక ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో తెలియదు. అది తెలిసేది రేపు మళ్లీ ఆ గల్లీకి ఓటు కోసం పోవాల్సినవాడికే. వార్డు సభ్యులందరూ మహానుభావులని చెప్పడం లేదు, వాళ్లలో స్లాబుకింత అని వసూలు చేసినవాళ్లనీ చూశాం. కానీ అలాంటివాణ్ని ఐదేళ్లకు ఇంటికి పంపొచ్చు. నామినేటెడ్ మనిషిని పంపేదెవరు?

విలీనం వద్దనేవాళ్ల వాదనా విందాం. సైన్యం ఉంది కాబట్టే చెట్లు మిగిలాయి, భవనాల ఎత్తుల మీద అదుపు మిగిలింది, జీహెచ్ఎంసీలో కలిస్తే రియల్ ఎస్టేట్ మింగేస్తుంది, పన్నులు పెరుగుతాయి అంటారు. చెట్ల మాట నిజమే. అయితే ఆ చెట్ల నీడ ఎక్కువగా బంగ్లాల వైపే పడింది గానీ రసూల్‌పురా వైపు కాదు. పికెట్ నాలా సంగతే తీసుకోండి. కంటోన్మెంట్‌లోంచి రసూల్‌పురా దాటి బేగంపేట వైపు దిగుతుంది. పైభాగం బోర్డుది, కిందిభాగం కార్పొరేషన్‌ది. వాన గట్టిగా పడితే ఇంట్లోకి నీళ్లొచ్చినవాడు ఏ ఆఫీసుకు పోవాలన్నదే తేలదు. ఒక నాలాకు ఇద్దరు యజమానులుంటే పూడిక తీసేవాడు ఎవడూ ఉండడు. అందుకే విలీనం కావాల్సిందే అంటాను.

కానీ విలీనంతోనే పని అయిపోయిందనుకుంటే మోసపోతాం. మన రెండు రాష్ట్రాల్లో పార్టీ ఏదైనా ప్రభుత్వాలకు ఒక పాత జబ్బుంది: స్థానిక ఎన్నిక అనగానే ఏదో ఒక సాకు దొరుకుతుంది. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు 1986 తర్వాత మళ్లీ ఎన్నిక జరిగింది 2002లో. విశాఖ మహానగరానికి 2012 నుంచి 2021 దాకా పాలకవర్గమే లేదు. తెలంగాణ పల్లెల్లో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరితే, మళ్లీ ఓటు పడింది 2025 డిసెంబర్‌లో. సాకు ఒకసారి కోర్టు కేసు, ఒకసారి రిజర్వేషన్ల లెక్క, ఒకసారి వార్డుల హద్దులు మార్చే డీలిమిటేషన్. మధ్యలో రాజ్యమేలేది ప్రత్యేకాధికారి. ఎమ్మెల్యేలకు ఇది హాయి, ఎందుకంటే నియోజకవర్గంలో మరో నాయకుడు తయారుకాడు, శంకుస్థాపన శిలాఫలకం మీద ఇంకో పేరు ఉండదు. ఇక అధికారికి ప్రశ్నించే కౌన్సిలే ఉండదు. కంటోన్మెంట్‌లో బ్రిగేడియర్‌ను చూసి అయ్యో మిలిటరీ పాలన అని జాలిపడే మనం, మన సొంత పట్టణాల్లో ఏళ్ల తరబడి కలెక్టరేట్ నుంచి వచ్చిన సంతకాలతోనే బతికామన్నది మర్చిపోతాం. ఎన్నికలు ఆగినప్పుడు ధర్నా చేసిన కాలనీ సంఘం నాకైతే ఒక్కటీ గుర్తులేదు. చెత్తబండి రెండు రోజులు రాకపోతే మాత్రం వాట్సాప్ గ్రూపులు హోరెత్తిపోతాయి.

2025 చివర్లో చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపేశారు. రేపు కంటోన్మెంట్ వంతు వచ్చినప్పుడు ఆస్తులు, అప్పులు, ఉద్యోగుల బదిలీకి గడువులు రాసినట్టే, విలీన నోటిఫికేషన్‌లోనే మొదటి ఎన్నికకూ గడువు రాయాలి. ఆరు నెలలు చాలు. ఇప్పుడున్న ఎనిమిది వార్డులను రెండో మూడో డివిజన్లలో కుక్కకుండా, వాటి హద్దులు కదపకుండా ఎనిమిదింటినీ డివిజన్లుగానే ఉంచాలి. బొల్లారం నుంచి రసూల్‌పురా దాకా ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ నాయకుడి చేత ఈ రెండు మాటలూ కాగితం మీద రాయించుకోవాలి.