చెరిగిపోయిన ఎంపీటీసీ స్థానాలు

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని కీసర గ్రామ పంచాయతీ 2024 సెప్టెంబరులో దమ్మాయిగూడ మున్సిపాలిటీలో కలిసింది. 2025 డిసెంబరులో ఆ మున్సిపాలిటీయే గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. పన్నుల గురించి, భూముల ధరల గురించి జరిగిన చర్చలో ఆ ఊరి ఓటరు కోల్పోయిన మండల పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గం (ఎంపీటీసీ) ప్రస్తావనకే రాలేదు.

73వ రాజ్యాంగ సవరణ దరిమిలా 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఏర్పడిన ఈ స్థానాలు ఒక్కొక్కటి సుమారు మూడు, నాలుగు వేల జనాభాకు పరిమితం. అంగన్‌వాడీ తెరవకపోయినా, బడిలో టీచరు లేకపోయినా, మంచినీటి పథకం మూలనపడినా మండల సర్వసభ్య సమావేశంలో అధికారిని నిలదీయవలసినది ఎంపీటీసీ సభ్యులే. మండల అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వారే, స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలోనూ వారికి ఓటు ఉంటుంది. నిధులు చాలక ఈ పదవి నీరసించిన మాట నిజమే అయినా, మనిషి పేరు తెలిసి, ఇంటికి వెళ్లి అడగగలిగిన ప్రాతినిధ్యం అది. 300 వార్డుల మహానగరంలో ఒక్కో కార్పొరేటరు వేల గడపలకు జవాబు చెప్పాలి.

తెలంగాణలో 2019 ఎన్నికల నాటికి 5,817గా ఉన్న ఎంపీటీసీ స్థానాలు 2025 సెప్టెంబరు షెడ్యూలు నాటికి 5,749కి తగ్గాయి. కొత్త మండలాల వల్ల జిల్లా పరిషత్‌కు సభ్యులను పంపే జడ్పీటీసీ స్థానాలు మాత్రం 538 నుంచి 565కు పెరిగాయి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనైతే ఒక్క పంచాయతీ కూడా మిగలలేదు కనుక అక్కడి జిల్లా పరిషత్తే గతించింది.

నగరం విస్తరించడాన్ని మేము తప్పుపట్టడం లేదు. మా అభ్యంతరం మధ్యలో మిగిలిన శూన్యం గురించి. కీసరలో సర్పంచి పదవీకాలం 2024 ఆరంభంలో, ఎంపీటీసీ పదవీకాలం జులైలో ముగిశాయి. ఊరు చేరిన మున్సిపల్ పాలకమండలిని ఎన్నుకున్నది ఆ ఊరి ఓటర్లు కారు. దాని గడువూ 2025 జనవరిలో తీరి ప్రత్యేక అధికారి వచ్చారు. ఊళ్లను కలిపే ఉత్తర్వు వెలువడే ముందు గ్రామసభ అభిప్రాయాన్ని విధిగా నమోదు చేయాలి. రద్దవుతున్న స్థానానికి బదులుగా ఏ వార్డు వస్తుందో, దానికి ఎన్నిక ఎప్పుడు జరుగుతుందో ఆ ఉత్తర్వులోనే తేదీతో సహా ప్రకటించాలి. మండల పరిషత్తులో పెండింగులో ఉన్న పనుల జాబితాను కొత్త పురపాలక సంస్థకు లిఖితపూర్వకంగా అప్పగించే బాధ్యతను ఎంపీడీవోపై చట్టంలోనే ఉంచాలి.