మూడు లక్షల హయబూసా ట్రాక్ కారు మెసేజ్‌కి జవాబు

మళ్లీ అదే ఫార్వర్డ్. కాలేజీ గ్రూపులో ఒకరు, రైడర్ల గ్రూపులో ఇంకొకరు, "అన్నా, ఇది మనమూ చేద్దామా?" అంటూ. అందులో ఉన్నది ఇదీ: స్క్రాప్‌లో సుజుకి హయబూసా బైక్ ఇంజిన్ కొను, స్క్వేర్ పైపుతో ఫ్రేమ్ వెల్డ్ చేయించు, ఇంజిన్‌ని ఉన్నది ఉన్నట్టు బిగించి వెనక ఇరుసుకి చైన్ వేయి, మూడు లక్షల్లో 400 కిలోల, 190 హార్స్‌పవర్ ట్రాక్ కారు సిద్ధం. కేటీఎం 390 లాంటి చిన్న బైక్ ఇంజిన్లు దండగ. ఆయిల్ గురించి భయపెట్టేవాళ్లకి అసలు విషయం తెలీదు అని కూడా రాశారు.

తేలికవి ముందు తేల్చేద్దాం. "రివర్స్ గేర్ అక్కర్లేదు." నిజమే, ట్రాక్ మీద అది పెద్ద లోటు కాదు. "రోడ్డు మీదా తిప్పుకోవచ్చు." కుదరదు. ఇంట్లో కట్టిన కారుకి రిజిస్ట్రేషన్ రాదు, బైక్ ఆర్‌సీ దానికి పనికిరాదు. ట్రాక్‌కి ట్రక్కు మీదే తీసుకెళ్లాలి.

"స్క్రాప్‌లో హయబూసా ఇంజిన్ చవక." 2021లో కొత్త మోడల్ వచ్చినప్పుడే ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 16.40 లక్షలు. దాని ఇంజిన్ మీకు కారుచవకగా దొరికిందంటే ముందు ఆర్‌సీ, ఇంజిన్ నంబర్, ఇన్సూరెన్స్ కాగితాలు అడగండి. పైగా ఒట్టి ఇంజిన్‌తో మీరు చేసేదేమీ లేదు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), పూర్తి వైరింగ్, థ్రాటిల్ బాడీలు, ఫ్యూయల్ పంపు, తాళం, మీటరు, బండి పడిపోతే ఇంజిన్ ఆపే సెన్సర్, సైడ్ స్టాండ్ స్విచ్ అన్నీ ఒకే బండివి కావాలి. ఒక్కటి తగ్గినా స్టార్టర్ తిరగకపోవచ్చు, తిరిగినా ఇంజిన్ సరిగ్గా నడవకపోవచ్చు. కొంటే యాక్సిడెంట్ అయిన బండిని మొత్తంగా కొనండి. ముందు దానిలోనే ఇంజిన్ నడిపి చూసి, ఆ తర్వాతే విప్పండి.

ఆ మెసేజ్ మర్చిపోయిన ఖర్చు ఇంకొకటుంది. హయబూసా టార్క్ 150 న్యూటన్ మీటర్లు. మొదటి గేర్‌లో వెనక ఇరుసు దగ్గరికొచ్చేసరికి అది వెయ్యి దాటుతుంది. దాన్ని మోయగల సీవీ జాయింట్లు, డ్రైవ్‌షాఫ్టులు, హబ్బులు, బ్రేకులు, టైర్లు ఏవీ మారుతి 800 స్పేర్ పార్టుల షాపులో దొరకవు. మూడు లక్షలు అక్కడే ఖర్చయిపోతాయి.

ఇక అసలు సంగతి. "బైక్ 300 కిలోమీటర్ల వేగంలో తట్టుకున్న ఆయిల్ సిస్టమ్ కారులో తట్టుకోదా?" తట్టుకోదు! వేగానికీ దీనికీ సంబంధం లేదు. బైక్ మలుపులో వాలుతుంది, దానితో పాటు ఇంజినూ వాలుతుంది. అందుకే బరువూ, మలుపు తోపూ కలిసి ఆయిల్‌ని ఎప్పుడూ సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టె) అడుక్కే నొక్కుతాయి. కారు వాలదు. 1జీ మలుపులో సంప్‌లోని ఆయిల్ పైతలం 45 డిగ్రీలు పక్కకి ఎక్కుతుంది. ఆయిల్ పీల్చే పికప్ గొట్టం గాలిలో తేలుతుంది, పంపు గాలి పీలుస్తుంది, కనెక్టింగ్ రాడ్ కింది చివరన ఉండే బిగ్ ఎండ్ బేరింగుల మీద ఆయిల్ పొర తెగుతుంది. 10,000 ఆర్‌పీఎం దగ్గర బేరింగ్ దెబ్బతినడానికి ఇది రెండు మూడు సెకన్లు చాలు. వెంటనే ఏమీ తెలీదు, అదే దీనిలోని మోసం. ల్యాప్ వెనక ల్యాప్ బేరింగ్ షెల్ అరుగుతుంది. ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో వెండిరంగు పొడి, ఇంకా ముదిరితే రాగిరంగు రేకులు. ఆపైన కింద నుంచి టకటక శబ్దం. అదీ పట్టించుకోకపోతే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ కేసు బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది, వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి మంట లేస్తుంది. ఇంజిన్ ఉండేది డ్రైవర్ వీపు వెనకే. ఇంత తెలియకుండా "బెంగ వద్దు" అని వందల మందికి పంపేవాళ్లు, ఆ సీట్లో కూర్చునేది ఎవరో ఒక్కసారైనా ఆలోచించారా?

"ఫార్ములా స్టూడెంట్ కార్లు 600 సీసీ బైక్ ఇంజిన్లతో పరిగెడుతున్నాయిగా" అని కూడా రాశారు. అవి ఇంజినీరింగ్ విద్యార్థులు పోటీ కోసం కట్టే కార్లు. అక్కడ ఎండ్యూరెన్స్ పోటీ దూరమే సుమారు 22 కిలోమీటర్లు, మలుపులు పొట్టివి. అయినా బుద్ధి ఉన్న ఏ టీమూ సంప్ ముట్టుకోకుండా వదలదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో సాగే పొడుగు మలుపుల్లో ఆయిల్ పక్కకి చేరి అక్కడే ఉండిపోతుంది.

చేయాల్సింది చెప్తాను. సంప్ విప్పి, పికప్ చుట్టూ నాలుగు గోడల పెట్టె, దానికి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు, పైన ఆయిల్ ఎగరకుండా అడ్డు పలక. దీన్నే బాఫిల్ అంటారు. తలుపులు రెండు వైపులా ఊగితే పెట్టె ఉండీ లేనట్టే. లెవెల్ గుర్తు మీద అర లీటరు వరకు ఎక్కువ పోయొచ్చు. అంతకు మించితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ కూడా గాలే. బైక్‌తో వచ్చిన ఆయిల్ లైటుని నమ్మొద్దు, ప్రెషర్ దాదాపు పూర్తిగా పోయాకే అది వెలుగుతుంది. 1.5 బార్ దగ్గర వెలిగే స్విచ్‌కి పెద్ద ఎర్ర లైటు పెట్టి స్టీరింగ్ ఎదురుగా బిగించండి. వేగం మీద ఉండగా మలుపులో అది ఒక్కసారి మెరిసినా ఆ రోజుకి కారు ఆపేయాలి. స్లిక్ (గాడులు లేని రేసు) టైర్లు వేస్తే బాఫిల్ ఒక్కటే చాలదు. ప్రెషర్‌తో ఆయిల్ దాచి ఉంచే అక్యుమ్యులేటర్ గానీ, ఆయిల్‌ని విడి ట్యాంకులో ఉంచే డ్రై సంప్ గానీ కావాలి.

ఇంజిన్ ఏ దిశలో పెడతారన్నదీ ముఖ్యమే. క్రాంక్ అడ్డంగా ఉంటే బ్రేకింగ్ తోపు బైక్‌లో అలవాటైనదే, పక్క తోపు మాత్రమే కొత్త. ఇంజిన్ ముందు పెట్టి, క్రాంక్ కారు పొడవునా ఉండేలా తిప్పితే రెండూ తారుమారవుతాయి. ఒకరి బాఫిల్ డ్రాయింగ్ ఇంకొకరి కారుకి కాపీ కొట్టకూడదనేది అందుకే.

చైన్ విషయంలో మెసేజ్ సగం రైటు. చైన్ చాలు, కానీ దానికి కవచం కావాలి. ఫార్ములా ఎస్ఏఈ (అలాంటిదే ఇంకో విద్యార్థుల పోటీ) నిబంధనల్లో కనీసం 2.66 మిల్లీమీటర్ల స్టీలు, చైన్ వెడల్పుకి మూడింతలు అని ఉంది, అదే పాటించండి. డిఫరెన్షియల్ లేని నేరు ఇరుసు తేలికే, చవకే. నెమ్మది మలుపుల్లో మాత్రం ముక్కు తిరగదు.

బైక్ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తుంది, అందుకే కారు ఆయిల్ పోయొద్దు, ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ2 అని, అంటే తడి క్లచ్ బైకులకి పనికొచ్చే ఆయిల్ గుర్తు, ఉండాలి. రేడియేటర్ డ్రైవర్ వెనక పెడితే గాలి అందదు. ముందు పెట్టండి, లేదా పక్కనుంచి డక్టు, ఫ్యాను ఇవ్వండి. నీళ్లు పోసే మూత మొత్తం సిస్టమ్‌లో అన్నిటికన్నా ఎత్తున లేకపోతే గాలి బుడగ హెడ్‌లో నిలిచి గాస్కెట్ పోతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ఇంజిన్ చూసి మోజుపడేవాళ్లూ ఇది గమనించాలి, దాని చల్లదనం రెక్కలకీ ఆయిల్ కూలర్‌కీ తగిలే గాలి మీదే ఆధారం.

"390 దండగ" అన్న మాట దగ్గర మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ మీద 43 హార్స్‌పవర్‌తో 350 కిలోల కారు నడపడం శిక్షే. బైక్ గేర్‌బాక్సు గురించి వాళ్లు రాసిందీ అక్షరాలా నిజం. ఆరు గేర్లు వరసగా పడే సీక్వెన్షియల్ బాక్సు ఇంజిన్‌తో పాటే వస్తుంది, అలాంటిది విడిగా కారుకి కొనాలంటే ఈ బడ్జెట్‌లో సాధ్యం కాదు. కానీ కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వే పొడవు 2.1 కిలోమీటర్లు. అక్కడ కేటీఎం 390 చాలు. 15:45 స్ప్రాకెట్లు తీసి 14:48 వేస్తే గేరింగ్ 14 శాతం పొట్టిదై ఎత్తుకోవడం తేలికవుతుంది, క్లచ్ బతుకుతుంది. 2017 తర్వాతి బండి అయితే థ్రాటిల్‌కి కేబుల్ ఉండదు, ఎలక్ట్రానిక్‌గా నడుస్తుంది, దాని సెన్సర్‌ని పెడల్‌కి కలపాలని ముందే లెక్కలో పెట్టుకోండి.

ఇంకాస్త కావాలంటే నింజా 650. సుమారు 68 హార్స్‌పవర్, కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది, సెమీ డ్రై సంప్ కాబట్టి మొదటి అడుగు ముందే పడినట్టు. దానికీ బాఫిల్, ప్రెషర్ లైటు తప్పవు. అవి చేసే ఓపిక లేకపోతే బైక్ ఇంజిన్ జోలికే పోవద్దు. రేసర్ కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తోనే ఫార్ములా మారుతి రేసు కారు కట్టి, ఈ దేశంలో ఎందరికో రేసింగ్ నేర్పారు. ఆ ఇంజిన్, దాని గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఈరోజుకీ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.