ఎస్టిమేట్‌లోని ఆఖరి పద్దుకు ఒక విన్నపం

మహారాజశ్రీ ‘ల్యాండ్‌స్కేపింగ్ – లంప్‌సమ్’ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. హైదరాబాదు చుట్టుపక్కల లేచే ప్రతి భవనం ఎస్టిమేట్‌లోనూ తమరు ఆఖరి పేజీలో, కాంపౌండ్ గోడకూ వాచ్‌మన్ గదికీ దిగువన, యథాస్థానంలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. భవనం చుట్టూ నేలకూ చెట్లకూ నక్షా గీసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టునైన నా ఇంట 31 ఏళ్లుగా పొయ్యి వెలిగింది తమరి ఒక్క వరుస మీదే కనుక, తిన్న ఉప్పును మరవకుండానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇనుమును కిలోల్లో తూస్తారు, కాంక్రీటును ఘనపు మీటర్లలో కొలుస్తారు, తలుపు బందులను సైతం లెక్కపెట్టి రాస్తారు. తమరి దగ్గరికి వచ్చేసరికి మట్టి, చెట్లు, నీరు, నీడ అన్నీ కలిపి గుత్తకు ఒక అంకె వేసి సంతకం పెట్టేస్తారు. ఆపై లాబీలో పాలరాయి మారినా, లిఫ్టు ధర పెరిగినా, చెయ్యి పెట్టేది తమరి గిన్నెలోనే. ఇంటిల్లిపాదీ తిని లేచాక అడుగున మిగిలింది ఇల్లాలికి విందు అయినట్టు, భవనం మొత్తం తిన్నాక మిగిలిన సొమ్ము తమరికి బడ్జెట్ అవుతుంది. మనిద్దరికీ జత ఎందుకు కుదిర్చారో నాకు అర్థం కావడానికి మొదటి ఐదేళ్లు పట్టింది.

నేను చేరిన తొలి ఆఫీసులో నాతోటి మగపిల్లలకు భవనాలు ఇచ్చారు. ‘ఆడపిల్లవు, ఎండలో సైట్ల వెంట ఏం తిరుగుతావు, మొక్కలు చూసుకో’ అంటూ దయతలచి నన్ను తమరికి అప్పగించారు. మొక్కలు ఏసీ గదిలో మొలుస్తాయని వారి నమ్మకం కాబోలు. అప్పటి నుంచి మే నెల ఎండలో బండరాళ్ల మీద టేపు పట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. సైటుకు వెళ్లిన ప్రతిసారీ మేస్త్రీ నా వెనక్కి తొంగిచూసి ‘సార్ ఎప్పుడొస్తారమ్మా?’ అని అడిగేవాడు, ఆ ప్రశ్న ఆగింది నా జుట్టు నెరిశాకే. యజమానులైతే నక్షా పూర్తిగా విప్పకముందే ‘మా ఆవిడకు కూడా మొక్కలంటే ప్రాణమండీ, మీరిద్దరూ మాట్లాడుకోండి’ అని లోపలికి పంపేవారు. ఆ తల్లులకు కరివేపాకు చెట్టు ఎక్కడ పెట్టాలో వారి భర్తల కంటే బాగా తెలుసు కనుక నాకు నష్టమేమీ జరగలేదు. చెక్కు మీద సంతకం మాత్రం వారిది కాదు.

అసలు ఫిర్యాదు సెల్లార్ గురించి. స్థలం అంచు నుంచి అంచు దాకా తవ్వి, కార్లకు రెండంతస్తుల సెల్లార్ కట్టి, దాని శ్లాబు పోత అయ్యాక నన్ను పిలిచి ‘దీని మీద అడవిలా కనిపించాలి మేడమ్’ అంటారు. నీళ్లు పీల్చిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1800 కిలోలు తూగుతుంది. వేప గానీ కానుగ గానీ కాస్త నిలబడాలంటే మీటరు పైచిలుకు లోతు కావాలి. శ్లాబును లెక్కగట్టిన నాడు ఆ బరువును తలచుకున్నవారు లేరు, ఎందుకంటే ఆ నాటికి తమరు ఒట్టి గుత్త అంకె. కనుక అడవి కాస్తా కుండీల వరుసగా మారుతుంది, ఆ నేరం ‘మొక్కల మేడమ్’ ఖాతాలో పడుతుంది. శ్లాబు లేనిచోట బండ ఉంటుంది. గ్రానైటులో కంప్రెషర్‌తో కొట్టిన గుంతకు అడుగున నీటికి దారి చూపకపోతే అది తొట్టి అవుతుంది, చెట్టు వేళ్లు అందులో కుళ్లుతాయి. ఆ దారికి అయ్యే ఖర్చును కొట్టేశాకే ఎస్టిమేట్‌కు ఆమోదం వస్తుంది.

పైకప్పుల మీద చెట్లు పెంచడం అసాధ్యమేమీ కాదు. కెనడాలోని వాంకూవర్‌లో కార్నీలియా హాన్ ఓబర్లాండర్ అనే ఆవిడ, వాస్తుశిల్పి ఆర్థర్ ఎరిక్సన్‌తో కలిసి పనిచేసి, రాబ్సన్ స్క్వేర్ ప్రభుత్వ కట్టడాల కప్పుల మీద తోటలు నిలబెట్టింది. ఆవిడకు నేల నక్షా గీసే పని డిజైను దశలోనే దక్కింది, కప్పు పోశాక కాదు. 1921లో పుట్టి, 2021లో నూరేళ్లకు నెల తక్కువగా కన్నుమూసింది, తొంభై దాటాక కూడా వృత్తిని వదలలేదు. నేను ఇంకా చిన్నపిల్లనే అని ఈ లెక్క చూసుకుని ధైర్యం తెచ్చుకుంటూ ఉంటాను. అంతకు ముందు, 1899లో అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘాన్ని స్థాపించిన 11 మందిలో బియాట్రిక్స్ ఫారాండ్ ఒక్కతే స్త్రీ. ఆవిడ తనను తాను ‘ల్యాండ్‌స్కేప్ గార్డెనర్’ అనే చెప్పుకునేది. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ‘ఆర్కిటెక్ట్’ అన్న బిరుదును కాపాడుతుంది, నేల నక్షా గీసేవారికి విడిగా అలాంటి చట్టం లేదు. అందుకే నర్సరీ నడిపేవారూ, గడ్డి పలకలు అమ్మేవారూ, నేనూ తమరి వరుసలో సమానులం.

ప్రారంభోత్సవాల సంగతి ఎక్కువ చెప్పను. ముందురోజు రాత్రి కడియం నర్సరీల నుంచి మొక్కల లారీ దిగుతుంది, తెల్లవారేలోగా పచ్చదనం పరుచుకోవాలి, పది రోజుల తర్వాత నీళ్లు పట్టే మనిషిని తీసేస్తారు. త్వరగా ఎదిగే చెట్టు అడిగితే, కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు మాత్రం వద్దని మొత్తుకున్నాను. తెలంగాణలో 2022లో దాన్ని నాటవద్దని ఆదేశాలు వచ్చాక, ‘మీరు అప్పుడే చెప్పాల్సింది’ అని ఒక పెద్దమనిషి నన్ను మందలించారు.

కాబట్టి విన్నపం ఒక్కటే: తమరు ఆ ఆఖరి పేజీ వదిలి, మట్టి పరీక్ష పక్కకు, పునాది కంటే ముందుకు రావాలి. గుత్త కాదు, గుంతకు ఇంత, మట్టికి ఇంత, మూడేళ్లు నీళ్లు పట్టే మనిషికి నెలకు ఇంత అని విడివిడిగా రావాలి.

వచ్చే సోమవారం ఒక కొత్త స్థలానికి వెళ్తున్నాను. అక్కడ రెండు పాత కానుగలు, ఒక రేల, ఏనుగంత బండరాతి గుండు ఉన్నాయట. భవనానికి ఇంకా ముగ్గు పోయలేదు. ఎస్టిమేట్ మాత్రం సిద్ధమైందని ఫోన్ చేశారు. పదహారు పేజీలట.

ఇట్లు,
తమరి విధేయురాలు,
మొక్కల మేడమ్